పేరడగని యంత్రం

(కడపలో జరిగిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంత్రం మరమనుషుల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరినప్పుడు మొదట కొంత సంకోచించాము. స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ భూములు, ఉర్దూ బడుల్లో ఖాళీ పోస్టులు, ఇన్ని సమస్యలు ఎదురుగా ఉండగా రోబోల ముచ్చట మనకెందుకని అనుకున్నాము. కానీ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటన మా ఆలోచనను మార్చింది. దానితోనే ప్రారంభిస్తాము.

కొన్ని నెలల క్రితం మా అమ్మగారి కంటి పరీక్ష కోసం కుటుంబమంతా హైదరాబాదు వెళ్ళాము. పరీక్ష ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పిల్లలు పట్టుబట్టగా ఒక పెద్ద హోటలులోకి ప్రవేశించాము. అక్కడ భోజనం తెచ్చింది మనిషి కాదు, రోబో. నడుము ఎత్తు యంత్రం, మూడు అరలు, పైన ఒక తెర, ఆ తెర మీద మిటకరించే రెండు కళ్ళు. అది మా బల్ల పక్కకు వచ్చి నిలబడి, ‘మీ ఆహారం సిద్ధంగా ఉంది’ అని ఆడగొంతుతో పలికింది. మా అమ్మగారు ఒక్క క్షణం విస్తుపోయి, తర్వాత చేయెత్తి ‘జీతే రహో బేటీ’ అని దీవించారు. పిల్లలు పగలబడి నవ్వారు. మా చిన్నవాడు దానికి అడ్డంగా నిలబడ్డాడు, అది ‘దయచేసి దారి ఇవ్వండి’ అంది, వాడు మళ్ళీ అడ్డం నిలబడ్డాడు. అమ్మగారు వాడిని కసిరి, మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: ‘దీనికి అన్నం ఎవరు పెడతారు?’ కరెంటు అని చెప్పాము. ఆమెకు ఆ జవాబు అంతగా నచ్చినట్టు లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాక ఆమె ఒక మాట అన్నారు. ‘ఆ బొమ్మ మంచిది. మన పేరు అడగలేదు.’

ఆ మాటలోని అర్థం ఈ సభలో ఉన్నవారికి వివరించనవసరం లేదు. అంతకు రెండేళ్ళ ముందు పెద్దవాడి చదువు కోసం అదే నగరంలో అద్దె ఇల్లు వెదికినప్పుడు అమ్మగారు కూడా మా వెంట ఉన్నారు. ‘టు లెట్’ బోర్డు వేలాడుతున్న వాకిట నిలబడి మాట్లాడుతుంటే అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది, ఆ తర్వాత పేరు అడిగారు. పేరు చెప్పిన తర్వాత, ఆ ఇల్లు ఉదయమే ఎవరికో ఇచ్చేసిన సంగతి వారికి హఠాత్తుగా జ్ఞాపకం వచ్చింది. నాలుగు వాకిళ్ళలో ఇదే జరిగింది. అలాంటి వాకిళ్ళు చూసిన వృద్ధురాలికి, పేరు అడగకుండా పళ్ళెం అందించిన యంత్రం మనిషి కన్నా మంచిదనిపించింది. ఆమెను తప్పు పట్టగలమా? ఆ రోజు నుండే ఈ విషయాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాము. యంత్రం ముందు మనుషులు ఎలా ప్రవర్తిస్తారు, ఎందుకు అలా ప్రవర్తిస్తారు, అందులో మన వంటి వారి స్థానం ఏమిటి అన్నదే మా అన్వేషణ.

సేవ చేసే యంత్రం అన్నది నేటి ఊహ కాదు. క్రీ.శ. 1206లో అల్ జజరీ అనే మహానుభావుడు దియార్‌బకిర్ పాలకుని కొలువులో ఉండి యంత్ర నిర్మాణం మీద ఒక గొప్ప గ్రంథం పూర్తి చేశాడు. నీటి గడియారాలు, నీరు తోడే యంత్రాలతో పాటు, వజూ కోసం చేతుల మీద నీరు పోసే సేవకుని బొమ్మ నిర్మాణ విధానం కూడా అందులో ఉంది. ఆ బొమ్మ ఎందుకు పుట్టిందో ఆయనే చెప్పాడు. వజూ చేసుకునేటప్పుడు ఒక సేవకుడో, దాసీయో పక్కన నిలబడి నీళ్ళు పోయడం ఆ పాలకునికి ఇష్టం లేకపోయిందట. మేము ఈ భాగాన్ని చదివి చాలాసేపు ఆలోచించాము. సాటి మనిషి సేవలో ఏదో ఇబ్బంది, యంత్రం సేవలో నిశ్చింత. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం రాజుకు కలిగిన ఆ భావమూ, మా అమ్మగారికి కలిగిన భావమూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ రాజు తనకు సేవ చేసే చేతిని తప్పించుకున్నాడు. మా అమ్మగారు తనను తోసివేసే చేతిని తప్పించుకున్నారు.

ఇక మన కాలానికి వద్దాము. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే కంప్యూటరు కార్యక్రమాన్ని ప్రకటించాడు. దానికి శరీరం లేదు, ముఖం లేదు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా వేస్తుంది, అంతే. ‘మా నాన్న నన్ను పట్టించుకోడు’ అంటే, ‘మీ నాన్న గురించి ఇంకా చెప్పండి’ అంటుంది. వైజెన్‌బామ్ దగ్గర పనిచేసే కార్యదర్శికి అది వట్టి యంత్రమని తెలుసు, దాని తయారీని నెలల తరబడి కళ్ళారా చూసింది. అయినా దానితో కొద్దిసేపు మాట్లాడాక, తనను దానితో ఏకాంతంగా వదిలి బయటికి వెళ్ళమని ఆయననే కోరింది. ఆయన దిగ్భ్రాంతి చెందాడు. మనిషి పట్ల గౌరవం, అవగాహన, ఆప్యాయత అవసరమైన స్థానాలలో యంత్రాన్ని కూర్చోబెట్టరాదని వాదిస్తూ 1976లో ఒక పుస్తకమే రాశాడు. ఇక్కడ మరొక సంగతి గుర్తించాలి. ఆయన బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీల కాలంలో జాతి కారణంగా బడి నుండి వెలివేయబడి, 1936లో కుటుంబంతో సహా దేశం విడిచినవాడు. మనిషిని ఒక అంకెగా, ఒక కాగితంగా చూడడం ఎక్కడికి దారి తీస్తుందో ఆయనకు పుస్తకాల వలన తెలిసింది కాదు.

యంత్రానికి ముఖం, కళ్ళు, చేతులు అమర్చితే మనుషుల స్పందన మరింత తీవ్రమవుతుంది. ఆ స్పందన రెండు విధాలా ఉంటుంది. జపానులో సోనీ సంస్థ 1999లో ‘ఐబో’ అనే కుక్క రోబోను విడుదల చేసి, 2006లో తయారీ ఆపివేసి, 2014లో మరమ్మతులు కూడా మానుకుంది. బాగు కాని ఐబోలకు చిబా ప్రాంతంలోని ఒక బౌద్ధాలయంలో 2015 నుండి అంతిమ ప్రార్థనలు జరిపించారు. అదే 2015లో అదే దేశంలో ఒక మద్యపానమత్తుడు దుకాణంలో నిలబెట్టిన ‘పెప్పర్’ అనే రోబోను తన్ని అరెస్టయ్యాడు. దారిన పోయేవారిని బతిమాలి వారి వాహనాలలో ప్రయాణించే ‘హిచ్‌బాట్’ 2014లో కెనడాను తూర్పు నుండి పడమరకు క్షేమంగా దాటింది. మరుసటి ఏడు అమెరికాలో ప్రయాణం ప్రారంభించిన కొద్ది రోజులకే ఫిలడెల్ఫియాలో ఎవరో దాని చేతులు విరిచి పారేశారు.

వీటన్నిటి కన్నా మమ్మల్ని కలవరపెట్టింది ఒసాకాలోని పిల్లల కథ. అక్కడి ఒక వాణిజ్య సముదాయంలో పరిశోధకులు ఒక రోబోను తిరగనిచ్చారు. పెద్దవారు లేని చోట పిల్లలు గుంపుగా చేరి దానికి దారి మూసేశారు, తిట్టారు, తన్నారు, వస్తువులతో కొట్టారు. పరిశోధకులు ఆ పిల్లలతోనే మాట్లాడారు. అయిదు నుండి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు, ఇరవై ముగ్గురి జవాబులు పనికివచ్చాయి. వారిలో అధికులు దానిని మనిషి వంటిదిగానే భావించారు. తమ చేష్టలు దానికి తెలుస్తాయని దాదాపు సగం మంది నమ్మారు. నమ్మి కూడా కొట్టారు, అది ఎలా స్పందిస్తుందో చూడాలని, సరదా కోసమని.

సోదరులారా, మనం ఎన్నో సభలలో ఒక మాట వింటూ ఉంటాము: ‘వారు మనల్ని మనుషులుగా గుర్తించడం లేదు, గుర్తిస్తే ఈ దాడులు జరగవు’ అని. మేము కూడా ఆ మాట వేదికల మీద పలికినవారమే. ఒసాకా పిల్లల జవాబులు చదివాక ఆ మాట మీద మాకు మునుపటి విశ్వాసం లేదు. ఎదుటివాడు మనిషని తెలియకపోవడం వలన కాదు, తెలిసే, వాడి బాధ చూడడానికే చెయ్యి లేస్తుందేమో! దారిలో లారీ ఆపి, డ్రైవరు పేరు అడిగి, కొట్టి, ఫోనులో చిత్రీకరించేవారికి కొట్టించుకునేవాడు మనిషని తెలియదా? తెలియకపోతే చిత్రీకరించడమెందుకు?

ఆ రోబోను కాపాడడానికి పరిశోధకులు ఏమి చేశారో కూడా చెప్పాలి. దానికి ప్రతిఘటన నేర్పలేదు. గుంపు చేరే సూచన కనిపించగానే, ఎత్తుగా ఉన్నవారి వైపు, అంటే తల్లిదండ్రుల వైపు వెళ్ళిపోవాలని నేర్పారు. పెద్దలు పక్కన ఉంటే పిల్లలు కొట్టరని వారి లెక్క. ఆ లెక్క అక్కడ సరిపోయింది. మన వీధులలో గుంపు చేరినప్పుడు ఎత్తుగా ఉన్నవారు ఎటు చూస్తారో మీకు తెలుసు. (హోటలులో దారికి అడ్డం నిలబడ్డ మా చిన్నవాడి సంగతి కూడా మేము మరచిపోలేదు. బిడ్డలు ఎవరి బిడ్డలైనా బిడ్డలే.)

ఇప్పుడు ఉమ్మడి కడప జిల్లా విషయానికి వస్తాము. ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న సోదరీమణులలో కువైటు వెళ్ళి వచ్చినవారు ఎందరో ఉన్నారని మాకు తెలుసు. రాయచోటి, పుల్లంపేట, రాజంపేట, ఇటు కడప పాత పట్నం, ఎన్ని ఇళ్ళ గోడలు అక్కడ ఇతరుల తల్లులకు స్నానం చేయించిన చేతులతో లేచాయో లెక్కలేదు. ఆ పనిని మనం ‘ఖద్దామా పని’ అంటాము. ప్రపంచం దానికి ఇప్పుడు ‘సంరక్షణ’ అనే గౌరవప్రదమైన పేరు పెట్టి, యంత్రాలకు అప్పగించే ప్రయత్నం చేస్తోంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఒంటరి వృద్ధుల కోసం ‘ఎల్లీక్యూ’ అనే మాట్లాడే యంత్రాన్ని ఎనిమిది వందలకు పైగా ఇళ్ళలో పెడతామని 2022లో ప్రకటించింది. జపాను దశాబ్దాల ముందే బయలుదేరింది. అక్కడ తయారైన ‘పారో’ అనే తెల్లని సీల్ పిల్ల ఒళ్ళో పెట్టుకుని నిమిరితే కళ్ళు మూసుకుంటుంది, చిన్నగా కూస్తుంది. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులు దానితో ఊరట పొందుతారని ఎన్నో దేశాల ఆసుపత్రులు వాడుతున్నాయి.

జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు జపానులోని ఒక వృద్ధాశ్రమంలో ఈ యంత్రాలు ఎలా పనిచేస్తున్నాయో దగ్గరుండి చూసి, 2023లో పుస్తకంగా ప్రచురించాడు. ఆయన చూసినది ఇది. మనుషులను ఎత్తి కూర్చోబెట్టే యంత్రాన్ని తోసుకువచ్చి బిగించడానికి పట్టే శ్రమ చూసి, సిబ్బంది కొద్ది రోజులకే దానిని మూలన పెట్టి, తిరిగి చేతులతోనే ఎత్తసాగారు. వ్యాయామం చేయించే పెప్పర్ పక్కన ఒక మనిషి నిలబడి, అది చేసిందంతా తిరిగి చేసి చూపితేనే వృద్ధులు చేసేవారు. పారోను ఒక వృద్ధురాలు ఎంతగా ప్రేమించిందంటే, అది పక్కన లేనిదే తినడానికీ పడుకోవడానికీ నిరాకరించింది. మరొకరు దాని చర్మం ఒలిచే ప్రయత్నం చేశారు. మొత్తం మీద సిబ్బంది పని తగ్గలేదు, పెరిగింది. మూత్రం తుడవడం, పక్కలు మార్చడం మనిషికే మిగిలాయి. కూర్చుని కబుర్లు చెప్పడం, నవ్వించడం యంత్రం వాటాకు వెళ్ళాయి.

ఈ పంపకం మీద మాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పదకొండేళ్ళు కువైటులో పనిచేసి వచ్చిన ఒక సోదరి మాతో చెప్పిన మాట వినండి. ఆమె చూసుకున్న ముసలమ్మకు చివరి రెండేళ్ళలో ఎవరూ గుర్తు లేరు. ఈమెను తన పెద్ద కూతురి పేరుతో పిలిచేది. ‘జీతం ఆలస్యమైన నెలలున్నాయి, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోనే ఉండేది, నిద్ర లేదు. కానీ ఆమె ఆ పేరుతో పిలిచినప్పుడు నేను పనిమనిషిని కాదు’ అని ఆ సోదరి అంది. ఆ బతుకులో అలసటంతా ఆమెకు ఉంచి, ఆ పిలుపును మాత్రం యంత్రానికి ఇవ్వడం న్యాయమేనా? ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని ఉండాలని కువైటు 2015లో చట్టం చేసింది. ఆ చట్టం ఎన్ని గడపలు దాటిందో మన సోదరీమణులే చెప్పాలి. యంత్రానికి ఛార్జింగు పెట్టే వేళను మాత్రం ఏ యజమానీ మరచిపోడు.

గల్ఫు మాట వచ్చింది కనుక మరొకటి. 2017 అక్టోబరులో రియాద్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సులో ‘సోఫియా’ అనే రోబోకు సౌదీ అరేబియా పౌరసత్వం ఇస్తున్నట్టు ప్రకటించారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నాటికి ఆ దేశంలో స్త్రీలు కారు నడపడానికి అనుమతి అమలులోకి రాలేదు, అది 2018 జూన్‌లో వచ్చింది. నలభై ఏళ్ళు అక్కడ ఇటుకలు మోసిన మన జిల్లా వాసికి పౌరసత్వం ఊహలో కూడా లేదు. ఆ ప్రకటన వెలువడిన రెండేళ్ళు నిండకముందే, 2019 ఆగస్టు 31న, అస్సాంలో పౌరుల జాబితా తుది ప్రతి వచ్చింది. తమ తాతల కాగితాలు చూపలేక 19 లక్షలకు పైగా మనుషులు, హిందువులూ ముస్లిములూ, జాబితా బయట మిగిలారు. సోఫియాను తాత ఎవరని ఎవరూ అడగలేదు.

అంటే పేరు అడగకపోవడం, తాతను అడగకపోవడం యంత్రానికి లభించిన వరం. మరి ఆ యంత్రం మనల్ని నిజంగా ఏమీ అడగడం లేదా?

అమ్మగారి మాటకు బస్సులో మా పెద్దవాడే జవాబు చెప్పాడు. ‘దాదీ, బిల్లు కట్టేటప్పుడు అబ్బా ఫోను నంబరు ఇచ్చారు కదా, పేరు అక్కడ వచ్చేసింది. దాని తెర పైన కెమెరా కూడా ఉంది.’ వాడికి పందొమ్మిదేళ్ళు. మాకు తట్టనిది వాడికి తట్టింది. యంత్రానికి అడగవలసిన అవసరం లేదు. దానికి చూపు ఉంది, దాని వెనుక జ్ఞాపకం ఉంది, ఆ జ్ఞాపకానికి యజమాని ఉన్నాడు. యజమాని ఎవరో మనకు తెలియదు.

ఆ చూపు అందరినీ ఒకేలా చూడదని కూడా రుజువైంది. 2018లో ఎం.ఐ.టి.కి చెందిన జాయ్ బుయొలంవినీ, టిమ్నిట్ గెబ్రూతో కలిసి, ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పే వాణిజ్య కార్యక్రమాలను పరీక్షించింది. తెల్లని పురుషుల విషయంలో పొరపాటు 0.8 శాతానికి మించలేదు. నల్లని స్త్రీల విషయంలో అది 34.7 శాతం వరకు వెళ్ళింది. యంత్రంలో ద్వేషం లేదు. ఎవరి ముఖాలు ఎక్కువగా చూపించి నేర్పారో, వారినే అది బాగా నేర్చుకుంది.

మన నగరం సంగతి దూరం కాదు. 2017 నవంబరులో హైదరాబాదు అంతర్జాతీయ సదస్సులో ‘మిత్ర’ అనే రోబో ప్రధానమంత్రికీ విదేశీ అతిథికీ స్వాగతం పలికింది. మరుసటి నెలలో జూబ్లీహిల్స్ కూడలిలో ఒక పోలీసు రోబోను ప్రదర్శించారు. జనం దానితో సెల్ఫీలు దిగారు. 2021 మే నెలలో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ముఖాన్ని ఫోటో తీశారు. ఎందుకు తీశారో, ఆ ఫోటో ఎక్కడికి వెళ్ళిందో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. అక్కడ స్వాగతం పలికే కెమెరా, ఇక్కడ ఆపే కెమెరా. కెమెరా ఒకటే అయినా మన స్పందన వేరువేరుగా ఉంది. నవ్వే ముఖం వెనుక ఉన్న కెమెరాను మనం కెమెరాగా గుర్తించడం లేదు.

అయినా యంత్రాన్ని సాంతం తిరస్కరించమని మేము చెప్పబోము. 2020 మార్చిలో జైపూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కోవిడ్ రోగులకు మందులూ భోజనమూ రోబోలు అందించాయి. ఆ తర్వాతి వారాలలోనే కొన్ని కాలనీలలో కూరగాయల బండివాడి పేరు అడిగి వెనక్కి పంపారు. రోగి పేరును బట్టి పళ్ళెం ఆపే అవకాశం లేని యంత్రాన్ని ఆ రోజులలో ఎవరైనా కోరుకుంటే అది అపరాధం కాదు. మక్కాలోని మస్జిదుల్ హరమ్‌లో 2021లో జమ్‌జమ్ నీటి సీసాలు పంచే రోబోలను ప్రవేశపెట్టారు. 2022లో యాత్రికుల సందేహాలు తీర్చే రోబో వచ్చింది. దానికి పదకొండు భాషలు వచ్చు. అందులో ఉర్దూ ఉంది, బెంగాలీ ఉంది. తెలుగు లేదు. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని మన నూర్‌బాషా తల్లి ఆ యంత్రం ముందు నిలబడి ఏమి చేయగలదు? పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంటుంది. ఆ మనిషి అక్కడ ఉండాలి. మా వాదన అంతా ఆ మనిషి గురించే.

కనుక మన సంఘాలు కొన్ని ప్రశ్నలను అలవాటు చేసుకోవాలి. ఆసుపత్రిలో, బ్యాంకులో, రేపు మన పిల్లల బడిలో ఇలాంటి యంత్రం ఎదురైతే, అది తీసిన చిత్రం ఎవరి దగ్గర ఉంటుందో లిఖితపూర్వకంగా అడగాలి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ ప్రశ్నకు కొంత ఆధారం ఇస్తుంది. ప్రభుత్వానికి అందులో ఇచ్చిన మినహాయింపులు మాత్రం చాలా విశాలమైనవి, వాటి మీద పోరాటం వేరే ఉంది. యంత్రం తప్పు చేస్తే జవాబు చెప్పే మనిషి ఆ గదిలోనే ఉండాలని అడగాలి. గల్ఫు వెళ్ళే సోదరీమణుల ఒప్పందాలలో, ఇంట్లో యంత్రం ఉంటే వారి గంటలు ఏమవుతాయో, గదుల్లోని కెమెరా వారిని కూడా చూస్తుందా అన్నది రాయించాలి. ఇవి పెద్ద కోరికలేమీ కావు.

ఆ హోటలులో జరిగిన చివరి ముచ్చట ఒకటి మిగిలింది. రోబో పళ్ళాలు తేగలదు కానీ బల్ల తుడవలేదు, పడిన మెతుకులు ఏరలేదు. ఆ పనికి పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు గుడ్డ పట్టుకుని వచ్చాడు. మా పిల్లల్లో ఎవరూ అతని వంక చూడలేదు, అందరి చూపూ వెళ్ళిపోతున్న యంత్రం మీదే ఉంది. అమ్మగారు ఒక్కరే అతన్ని చూసి, ‘నీ పేరేమి నాయనా?’ అని అడిగారు.

‘హనుమంతు అమ్మా. నారాయణపేట.’

‘అన్నం తిన్నావా?’

‘మూడున్నరకు తింటామమ్మా’ అన్నాడతను. గోడ గడియారం వైపు చూసి, ‘ఇంకో అరగంటే’ అన్నాడు.